డస్టరు మీద అరచెయ్యి

ఏడో తరగతిలో మా లెక్కల టీచరు గారి క్లాసు మధ్యలో బాత్రూముకి వెళ్లాలంటే, బల్ల మీది డస్టరు చేత్తో పట్టుకుని వెళ్లాలి. డస్టరు ఒక్కటే కాబట్టి ఒక్కరే బయట ఉంటారని ఆవిడ లెక్క. ఎవరడిగినా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి, "ఇంటర్వెల్ దాకా ఆగమ్మా, అలవాటైపోద్ది," అనేవారు. మగపిల్లలు ఆవిణ్ణి నవ్వించి తీసుకుపోయేవారు. నాకు అడగడానికే సిగ్గు. అందుకని బడిలో నీళ్లు తాగడం మానేశాను.

చివరికి మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి రాజమండ్రి ఆసుపత్రిలో మూడు రోజులున్నాను. అడిగినప్పుడల్లా పంపాలని డాక్టరు గారు చీటీ రాసిచ్చారు.

టీచరు గారు దాన్ని రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాను. నాకు మాత్రమే వినపడేలా, "ఇలాంటి చీటీ నా దగ్గరా ఉందమ్మా. నేనెవరికి చూపించుకోనూ?" అన్నారు. మా బడిలో టీచర్లకి వేరే బాత్రూము లేదు. ఆవిడ మా బాత్రూముల వైపు వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

డస్టరు నా చేతిలో పెట్టి పంపారు. నేను తిరిగొచ్చి దాన్ని బల్ల మీద పెట్టగానే వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"టీచర్, నేను కూడా వెళ్తానండి."

ఆవిడ అరచెయ్యి డస్టరు మీదికి వచ్చింది. "ఇంటర్వెల్ దాకా ఆగమ్మా."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తల దించుకుని పుస్తకం తెరిచాను.

ఆవిడ మీద కోపంగా రాద్దామని డైరీ తీసినప్పుడల్లా, ముందు ఆ తల దించుకోవడమే రాయాల్సి వస్తోంది.