పందిలోనే ఆగే తూటా

మా పెద్దబాపు పోయిన వారం ఒక పొద్దున, చాయ్ తాగుతూ కూర్చున్న కుర్చీలోనే పోయాడు. ఆ కబురు ఊరు దాటకముందే నా ఫోన్ మోగింది. ఏర్గట్ల వైపు పల్లె నుంచి ఒక రైతు. "మక్కల్ల పందులు వడ్డయ్ అమ్మా. మీ పెద్దబాపు ఫోన్ ఎత్తుతలేడు. జర చెప్పి పంపరాదు?" అన్నాడు. ఇక రాడని చెప్పాను. "అయ్యో, గట్లెట్ల?" అన్నాడు. ఆ వెంటే, "మరి మేము ఇంకెవ్వల్ని పిలవాలె?" అని అడిగాడు. అంత ఏడుపులోనూ నాకు ఆ ప్రశ్న మీద కోపం రాలేదు. పెద్దబాపు ఉంటే ముందు ఆయనే అడిగేవాడు.

ఆర్మూర్ చుట్టుపక్కల మేము పసుపులోనే మక్క, అంటే మొక్కజొన్న, వేస్తాం. పసుపు చేతికి రావడానికి తొమ్మిది నెలలు కావాలి. అందాకా ఇల్లు నడిపేది మక్కే. కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవిపందులు మందలుగా దిగుతాయి. పంచాయతీ అడిగి, అడవి శాఖ ఒప్పుకుంటే, లైసెన్సు ఉన్న షూటర్ వచ్చి కాలుస్తాడు. మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు అలాంటి షూటర్. పసుపు పండించుకునే మనిషే, పిలిస్తే తుపాకి తీసేవాడు. చచ్చిన పందిని దగ్గరుండి పాతిపెట్టించేవాడు. పంది మాంసం మీద ఆశపడ్డవాళ్లు తిట్టేవాళ్లు. "తిట్టనియ్. తిట్లు ఒంటికి అంటుకుంటయా?" అని నవ్వేవాడు.

నాకు ప్రశ్నలు వేసే రోగం ఉంది. ఆర్మూర్‌లో నాది విత్తనాల దుకాణం. రైతు ఒకటి అడిగితే నేను ఎదురు రెండు అడుగుతాను. పెద్దబాపుది నాకన్నా ముదిరిన రోగం. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వచ్చి, నా ఫోన్‌లో పరదేశం వీడియోలు పెట్టించుకునేవాడు. అక్కడెక్కడో కొండల్లో ఎల్క్ అనే దుప్పిజాతి జంతువును వేటాడేవాళ్లు ఏ తూటా మంచిదో గంటల తరబడి వాదించుకుంటుంటారు.

"గదేంది బిడ్డా, మన కణుజు లెక్కున్నది?"

"కణుజు కన్నా పెద్దదట పెద్దబాపూ. గుర్రమంత ఉంటదట."

"గంత ఎముకలకు ఏ తూటా ఏస్తరట? అడుగు."

వీడియోను ఎట్లా అడుగుతాను! వెనక్కి తిప్పి మళ్లీ విని, నాకొచ్చిన ఇంగ్లిషుతో చెప్పాను. పెద్ద జంతువు కాబట్టి మధ్యలో ముక్కలు కాకుండా బాగా లోపలికి దిగే తూటా కావాలంటున్నారని. ఆయన గల్లా మీది మక్క గింజల్ని వేలితో అటూ ఇటూ జరిపాడు.

"వాళ్లది దిగాలె. మనది ఆగాలె," అన్నాడు.

అదేమిటని పట్టుకున్నాను. అప్పుడు చెప్పాడు. మొన దాకా రాగి తొడుగున్న తూటా పందిని దూసుకుని అవతలికి పోతుంది. మొన దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించే తూటా, లోపలికి దిగుతూనే పుట్టగొడుగులా విచ్చుకుని చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. పంది కూడా ఎక్కువసేపు కొట్టుకోదు. "వాళ్లకు జంతువు ఎనక ఒట్టి గుట్టనే ఉంటది. మనకు పంది ఎనక చేను, చేను ఎనక మనుషులు. పందిల్నే ఆగే తూటా గావాలె మనకు." ఆ తూటాను కూడా పూర్తిగా నమ్మేవాడు కాదు. గురి తప్పితే అది ఆగేదెక్కడ? అందుకని మంచె ఎక్కి, కింద నేలవైపే కాల్చేవాడు. ఎక్కేముందు చేను చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవ్వలన్న ఉన్నరా?" అని గట్టిగా కేకేసేవాడు. ఆ కేకకు పందులు పారిపోతాయని రైతులు తల కొట్టుకునేవాళ్లు.

పోయినేడు నేనూ వెంటపడి వెళ్లాను. పిలిచింది మా పక్క చేను అత్త. పెద్దబాపును అన్నా అంటుంది కాబట్టి నాకు అత్త. ఒంటరి మనిషి. కౌలుకు తీసుకున్న ఆ చేను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పందులు బెదరాలని అందరిలాగే చేను చుట్టూ పాత చీరెలు కట్టింది. మేం వెళ్లేసరికి అప్పుడప్పుడే తెల్లారుతోంది. పెద్దబాపు కేకేశాడు, ఎవరూ పలకలేదు. ఇద్దరం మంచె మీద కూర్చున్నాం.

పెద్ద మగపంది వచ్చింది. మంచె దగ్గరికి రాలేదు, అవతలి గట్టు పక్కన ఆగి కంకి విరిచింది. అంత దూరానికి నేలవైపు కాల్చడం కుదరదు. పెద్దబాపు తుపాకి భుజానికి ఆనించాడు. పంది వెనక ఎర్రచీరె ఒకటి కదిలింది. ఆయన కాల్చలేదు. మంద మొత్తం దిగింది. మొక్కలు విరుగుతున్న చప్పుడు మంచె దాకా వినిపిస్తోంది. "కొట్టు పెద్దబాపూ," అన్నాను. ఆయన తుపాకి దించేశాడు.

"చీరె ఒక్కతే ఉన్నదా, చీరెల మనిషున్నదా? పిలిచినప్పుడు లేనోళ్లు తర్వాత రావచ్చు గద. నాకు తెలుస్తలేదు బిడ్డా."

పందులు పోయాక వెళ్లి చూశాం. మనిషి లేదు. కర్రకు కట్టిన ఉత్త చీరె. చేను సగం నేల మీద ఉంది. అత్త వచ్చి చూసి అక్కడే కూలబడింది. "నా పాత చీరెకు భయపడ్డవా అన్నా? గా తుపాకి ఎందుకు నీకు!" అని అరిచింది. ఆమె కోపం నాకు సబబుగానే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. "నీ పంట పోయింది చెల్లె, నా వల్లనే పోయింది," అన్నాడు పెద్దబాపు. మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. పందులు రాలేదు.

అత్త ఆయనతో మాట్లాడడం మానేసింది. ఎదురుపడితే పక్కకు తిరిగేది. అది ఆయనకు బాగా గుచ్చుకుంది. అన్నం ముందు కూర్చుని కూడా, "ఉత్త చీరెనే అని ముందుగాల తెలుసుకునుడు ఎట్ల?" అని నన్ను అడిగేవాడు. దుర్బీను కొనుక్కోమన్నాను. "మసక ఎల్తుర్ల దుర్బీన్ల గూడ చీరె చీరెనే," అన్నాడు. ఇద్దరం కలిసి ఒక ప్రశ్నను పట్టుకుని తిరగడం నాకెంత ఇష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

పెద్దబాపును మట్టి చేసే రోజు అత్త వచ్చింది. దూరం నుంచే చూసి వెళ్లిపోయింది. మళ్లీ కంకులు పాలు పోసుకుంటున్నాయి. పంచాయతీ వాళ్లు డిచ్‌పల్లి అవతలి నుంచి వేరే షూటర్‌ను మాట్లాడారు. రేపు పొద్దున వస్తాడు.

ఈ సాయంత్రం మా చేను చూసి వద్దామని వెళ్లాను. అత్త ఒక్కతే అవతలి గట్టు మీద వంగి చీరెల ముడులు విప్పుతోంది.

"గవి తీస్తే పందులు దిగవా అత్తా?"

"దిగుతె దిగనియ్." ఆమె తలెత్తలేదు. "వచ్చేటాయన ఎట్లాంటోడో నాకు తెల్వది. మీ పెద్దబాపు గాబట్టి చీరె కదిలితే ఆగిండు. గీయన ఆగుతడో, ఆగడో."

ముడి బిగుసుకుపోయి ఉంటే పంటితో లాగింది. ఆ చీరె కూడా జారింది. దాని వెనకాల కాలిబాట మీద, పసుపులో కలుపు తీసి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు, మంచె మీది నుంచైనా గుర్తుపట్టేలా, మొహాలతో సహా కనిపించారు.