ఆటోనగర్‌లో నేను విరిచిన అచ్చు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే కొత్త ఊరెళ్తే ముందు బోర్డులు చదువుతాను, అదీ పైకి. ఎనభైల్లో పోతపనివాళ్ల మహాసభకని విశాఖపట్నం వెళ్లినప్పుడు వన్ టౌన్ సందుల్లో చేసిందదే. తాళ్లు, ఉల్లిపాయలు, మందులు, ఏ కొట్టునీ వదల్లేదు. వెనక ఆటో అతను హారన్ కొట్టీ కొట్టీ, "సదవడం అయిపోనాదా మావా? కొంచెం పక్కకి జరుగు" అన్నాడు. జరిగాను.

మొదటి రోజు సభంతా ఇంగ్లీషు. రెండో రోజు నా వంతు. రాజమండ్రిలో ముప్పై ఏళ్లు ఇనుము పోసినవాడినని పిలిచారు. ప్రసంగం నేనే రాసుకున్నాను, నాలుగు పేజీలు. చెప్పేది ఒక్కటే: యంత్రాలు లేకపోయినా పిడికిలి చాలు. అచ్చు కట్టే ఇసుకను గుప్పిట్లో నొక్కి విరిస్తే తడి ఎంతుందో తెలిసిపోతుంది. తడి అచ్చులో కరిగిన ఇనుము పోస్తే ఆవిరి తన్నుకొచ్చి పనంతా పాడవుతుంది. నా పిడికిలి ఎన్నడూ తప్పలేదని మూడు చోట్ల రాశాను.

మొదటి రోజు భోజనాలయ్యాక సభ వదిలేసి గాజువాక బస్సెక్కాను. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. బస్సులో మా గోదావరి మాటలే సగం. ఆటోనగర్‌లో దిగి, ఇనుము వాసన ఎటుంటే అటు నడిచి ఒక షెడ్డులో దూరాను. నా ఈడు మేస్త్రీ ఒకాయన పెద్ద కప్పీకి అచ్చు కట్టి చేతులు కడుక్కుంటున్నాడు. ఎవర్నీ అడక్కుండా పక్కనున్న ఇసుక తీసి నొక్కాను. అరచేతికి అంటుకుంది.

మాలో ఒక పద్ధతుంది. తడి అచ్చు కనబడితే పెద్ద మేస్త్రీ బొటనవేలితో దాని అంచు విరిచేస్తాడు, పొరపాటున ఎవరూ అందులో పొయ్యకుండా. నేనూ విరిచేశాను.

"ఓర్నాయనో! ఏటి సేసేవు?" అని మేస్త్రీ అరిచాడు.

"తడిగా ఉంది. పోస్తే పేలుతుంది."

"ఇప్పుడే పోత్తానని ఎవుడు సెప్పేడు? అది నీరు కాదు బావా, అనకాపల్లి బెల్లం మడ్డి. నిప్పుల మీద రేపటిదాకా ఆరబెడితే రాయయిపోద్ది. ఈ సముద్రం గాలికి ఉత్త ఇసక నిలవదు. మీ ఊర్లో అచ్చులు ఇరగ్గొట్టినోడికి జీతాలిత్తారేటి?"

షెడ్డంతా నవ్వింది. ఆరబెట్టిన అచ్చు ఒకటి చూపించాడు. గోటితో గీకినా గీత పడలేదు. మా ఊళ్లో ఉదయం అచ్చు, సాయంత్రం పోత. ఆరబెట్టి పోసే పని నేనెప్పుడూ చెయ్యలేదు, అడిగి తెలుసుకోనూ లేదు. క్షమించమనడం నాకు రాదు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, విరిగిన అంచు దగ్గర కూర్చున్నాను.

"సెయ్యి తియ్యి. ముందు సూడు" అన్నాడు.

చూశాను. తర్వాత తాపీ నా చేతికిచ్చాడు. రెండుసార్లు తప్పన్నాడు. మూడోసారి చూసి తన పనిలోకి వెళ్లిపోయాడు. పొద్దు వాలేసరికి అంచు నిలబడింది. వచ్చేటప్పుడు, "రేపు సభకు రా" అన్నాను.

"నానా? అక్కడందరూ బూట్లోళ్లు."

"నేను చెప్పులతోనే ఎక్కుతున్నాను."

పొద్దున్నే టీ కొట్లో కూర్చుని, నా పిడికిలి తప్పలేదని రాసిన ఆ మూడు చోట్లా కొట్టేశాను. ప్రసంగానికి నడుం విరిగినట్టయింది. అయినా వేదిక ఎక్కాను. పిడికిలి సంగతి ఒక పేజీ చదివి, కాగితాలు మడిచి, నిన్న ఎవరి అచ్చు విరిచానో, ఎందుకు విరిచానో దాచకుండా చెప్పాను. కొందరు నవ్వారు. ముందు వరుసలో ఇంజనీరు ఒకాయన లేచి మడ్డి ఎన్ని పాళ్లు కలపాలని అడిగాడు.

"నాకు తెలీదు. తెలిసినాయన చివరి వరుసలో ఉన్నాడు" అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. మైకు ఇవ్వబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాటల్తో అవదు. ఓ బకెట్టు ఇసక తెప్పించండి."

ఇసుక వచ్చేదాకా సభ ఆగింది. మిగతా మూడు పేజీలు నేను చదవలేదు. దిగొచ్చి, అతని చేతులు బాగా కనబడే చోట కూర్చున్నాను.