చాటింపు వేసినవాడి చెయ్యి

లక్డారం దాటాక వచ్చే ఓ చిన్న ఊళ్లో చిన్నరాములు డప్పు మోగిందంటే సర్కారు కబురేదో వచ్చినట్టే. పటేల్, పట్వారీలున్నన్నాళ్లూ వాళ్ల హుకుములు చాటాడు. ఎనభైల్లో వాళ్ల కొలువులు ఎత్తేశాక పంచాయతీ మాటలు చాటాడు. తండ్రి నుంచి కొడుక్కి దిగే పెత్తనం పోయి ఓటుతో వచ్చే పెత్తనం వచ్చిందన్నారు గానీ, ఓట్లతో గెలిచిన సర్పంచ్ సత్తయ్య పాత పటేల్ కొడుకే. చిన్నరాములు అతన్నీ పటేలా అనే పిలిచేవాడు.

గ్రామసభకు అందరూ రావాలని గొంతు చించుకుని అరిచేవాడు. బడిలో సభ మొదలయ్యాక గుమ్మం బయట బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. పిలిచేవాడికి మళ్లీ పిలుపేమిటి? ఇన్నేళ్లూ ఆ ‘అందరూ’లో తాను లేననే అనుకున్నాడు, పిచ్చి మారాజు!

తొంభై ఏడు ఎండాకాలంలో వచ్చింది అసలు చిక్కు. ఊరి పక్కనున్న మందుల కంపెనీ మురికితో చిన్నరాములు వాళ్ల వాడలోని మంచినీళ్ల బాయి ఎర్రబారింది. చిన్నరాములు భార్య మొగులమ్మ రెండు మైళ్లు నడిచి బిందె తెస్తోంది. అదే కంపెనీ బాయికి ఎగువన ఇంకో మురికిగుంత తవ్వుతానంది. దానికి గ్రామసభ ఒప్పుకోలు కావాలి.

“రాములూ, రేపటి సభకు బడి ముంగట నాలుగు దెబ్బలు గొట్టి ఊకో. వాడ దిక్కు పోకు” అన్నాడు సత్తయ్య.

“అట్లనే పటేలా” అనేశాడు చిన్నరాములు. పంచాయతీ జీతం మీదే ఇల్లు నడుస్తోంది మరి.

ఇంటికొచ్చి సంగతి చెప్తే మొగులమ్మ బిందె దించి నడుం పట్టుకుంది.

“సభ ఎవరిది?”

“ఓటున్నోళ్లందరిదట.”

“నాకు ఓటు లేదా? ఊరందరికి చాటెటోనివి, మన వాడల చాటనీకి నోరు రాదా?”

ఆ మాట చురుక్కుమంది. చిన్నరాములు డప్పు తీసుకుని వాడంతా తిరిగాడు.

మర్నాడు బడి కిక్కిరిసిపోయింది. మండలం నుంచి వచ్చిన ఆఫీసరు గుంతకు ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నాడు. సత్తయ్య మనుషులు ఎత్తారు. వద్దనేవాళ్లను ఎత్తమంటే మొగులమ్మ చెయ్యే ముందు లేచింది. చిన్నరాములు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎత్తితే నౌకరీ పోతుంది. ఎత్తకపోతే పెళ్లాం మొహం ఎట్లా చూడటం? సిగ్గేసింది. డప్పు కింద పెట్టి, లోపలికి వచ్చి చెయ్యెత్తాడు.

“పంచాయతీ నౌకరోనివి, నీకేం పనిరా ఈడ?” సత్తయ్య గద్దించాడు.

ఆఫీసరు చిన్నరాములు వైపు తిరిగాడు. “ఈ ఊళ్లో ఓటుందా నీకు?”

“ఉన్నది సారు.”

“అయితే నువ్వూ సభ్యుడివే. అసెంబ్లీకి, పార్లమెంటుకి మన బదులు ఎవరినో పంపుతాం. గ్రామసభకు ఎవరికి వాళ్లే రావాలి. ఇక్కడ సర్పంచ్‌గారి చెయ్యీ ఒకటే, నీ చెయ్యీ ఒకటే.”

లెక్క తేలింది. వద్దన్న చేతులే ఎక్కువ. గుంత ఆగిపోయింది.

జనం వెళ్లిపోయాక సత్తయ్య దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: “రేపటి సంది పనికి రాకు.”

చిన్నరాములు డప్పు భుజానికెత్తుకున్నాడు. తల వంచలేదు.

“పనికి రాను పటేలా. మల్ల సభ వెట్టిననాడు మాత్రం వస్త.”