సముద్రం ఒడ్డున పచ్చిపులుసు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఒకవేళ ఏదైనా మిగిలితే అది ఫోన్‌కు తెలిసి ఉంటుంది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేరి ఏడాది తిరక్కముందే, మా అవ్వనూ బాపునూ, అంటే అమ్మానాన్నల్ని, వైజాగ్ తీసుకెళ్లి మూడు రోజులు సముద్రం చూపించాలని తీర్మానించేశాను. బాపు సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలను మావైపు అలాగే అంటాం) నడిపేవాడు. అవ్వ వాటికి నూలు కండెలు చుట్టేది, వండేది, మళ్లీ కండెలు చుట్టేది. ఆమె వంటకు సెలవు పెట్టిన రోజు నా ఎరుకలో లేదు. అందుకే ఒక షరతు పెట్టాను: ఈ మూడు రోజులూ అవ్వ పొయ్యి ముట్టకూడదు. బయలుదేరే ముందు ఆమె సంచి విప్పించి, చీరల అడుగున దాచిన జొన్నపిండినీ పెనాన్నీ పోలీసు సోదాలాగా బయటికి తీశాను. అవ్వ చీరలు మళ్లీ మడతపెట్టుకుంది.

మొదటి మధ్యాహ్నం ఫోన్ మెచ్చుకున్న హోటల్‌కే వెళ్లాం. అద్దాల గోడ, అవతల సముద్రం, ఇవతల ఏసీ. బాపు మెనూ కార్డును ధరలుండే కుడివైపు నుంచి చదువుతాడు. చదివి, మూసి, గ్లాసెడు నీళ్లు తాగి లేచాడు. సర్వర్‌తో ఎంతో మర్యాదగా, మేము తినే వచ్చామనీ, ఊరికే చూసి పోదామని ఆగామనీ చెప్పాడు. (పొద్దున్నుంచి మా ముగ్గురి కడుపుల్లో చాయ్ తప్ప ఏమీ లేదు.) నేను తలెత్తకుండా బయటపడ్డాను. ఇక చవకగా తిండి వెతికే పని కూడా ఫోన్‌కే అప్పగిస్తే, అది మమ్మల్ని ఎండలో నాలుగు సందులు తిప్పి, ఎప్పుడో మూతపడిన టిఫిన్ సెంటర్ ముందు నిలబెట్టింది. చివరికి ఒక బండి మీద ఇడ్లీలు దొరికాయి. బాపు "జర తొక్కుంటె వెయ్యిన్రి" అని అడిగాడు. మావైపు తొక్కంటే పచ్చడి. బండి అతను అరటిపండు తొక్కలు పడేసిన డబ్బా వైపూ బాపు వైపూ మార్చి మార్చి చూశాడు. నేను అడ్డుపడి తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేయాల్సి వచ్చింది. ఆ పూటకు ఇడ్లీలు, సాయంత్రానికి బన్నులు. అలా గడిచింది నా ఆతిథ్యం మొదటి రోజు.

రెండో రోజు పొద్దున నేను అలల ముందు ఫోటోలు దిగుతుండగా అవ్వ మాయమైంది. ఆమె ఫోన్ లాడ్జిలోనే ఉండిపోయింది. గిప్పుడే గీడనే ఉండె అని బాపు నాలుగుసార్లు అన్నాడు. అప్పటిదాకా అందంగా కనిపించిన సముద్రం వైపు చూడబుద్ధి కాలేదు. ఒడ్డు పొడవునా కనిపించినవాళ్లనల్లా ఆమె చీర రంగు చెప్పి అడుగుతూ పరుగెత్తాం. దాదాపు గంట తర్వాత, పడవలు లాగి పెట్టే చోటుకు వెనక, ఒక రేకుల షెడ్డులో బెంచీ మీద కూర్చుని, అది నడిపే ఆవిడతో చిన్ననాటి స్నేహితురాలిలా మాట్లాడుతూ దొరికింది. నేను ఏడుపూ కోపమూ కలిపి ఏదో అనబోయాను.

"వలలు గుంజెటోళ్లు యాడనో ఓ కాడ తింటరు గద బిడ్డా. ఆళ్ల ఎంబడి వచ్చిన," అంది అవ్వ శాంతంగా.

ఆ షెడ్డులో వేడి వేడి అన్నం, చేపల పులుసు, చారు. అంతే. హోటల్లో ఒక్కరికయ్యే ఖర్చుతో ముగ్గురం కడుపునిండా తిన్నాం. చదవడానికి మెనూ కార్డు లేదు గనుక బాపు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మూడో రోజు మళ్లీ అక్కడికే వెళ్లాం. వెళ్లేసరికి గందరగోళంగా ఉంది. దించబోయిన చారు గిన్నె జారి మొత్తం ఒలికిపోయిందట, చేపల పులుసు ఇంకా ఉడకలేదు, పదిహేను మంది కంచాల్లో ఉత్త అన్నంతో కూర్చున్నారు. నేనూ బాపూ చేతులు కడుక్కుని తిరిగొచ్చేలోగా అవ్వ కొంగు బిగించి చింతపండు పిసుకుతోంది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఇంత జీలకర్ర. దగ్గరికి వెళ్లి, షరతు ఏమైందని పళ్లు బిగించి అడిగాను.

"పొయ్యి ముట్టలే గద. గిది పచ్చిపులుసు," అంది.

షెడ్డు ఆవిడ అరచేతిలో ఇంత పోసుకుని చప్పరించి, "ఏటమ్మా ఇది, మరగబెట్టకుండానే ఇంత రుచిగుంది?" అని ఆశ్చర్యపోయింది. వలలు లాగేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు రెండోసారి పోయించుకున్నారు. నేను మాత్రం అలిగి ఓ మూల నిలబడ్డాను. నిన్ను సుఖపెడదామని ఇంత దూరం తెస్తే ఇక్కడ కూడా చాకిరీయేనా అని చివరికి అనేశాను. అవ్వ గరిటె పక్కన పెట్టింది.

"ఇరవయ్యైదేండ్ల సంది వండుతున్న బిడ్డా. 'మంచిగున్నది, ఇంకింత పొయ్యమ్మా' అన్న మాట ఇయ్యాల్నే ఇన్న. జర సంబురపడనియ్యి."

నేనూ బాపూ ఒకరినొకరు చూసుకోలేకపోయాం. (ఇంట్లో ఉప్పు తక్కువైనప్పుడు మాత్రం ఇద్దరం ఠంచనుగా నోరు విప్పేవాళ్లం.) బాపు కంచం ముందుకు జరిపి, ఇంకింత పొయ్యమన్నాడు. అది మొహమాటానికి అన్నాడో మనసారా అన్నాడో తెలియదు గానీ, అవ్వ మాత్రం కంచం అంచుదాకా పోసింది.

అప్పుడు బాపు తీసిన ఫోటో ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. బాపు వేలు సగం అడ్డం పడింది. మిగిలిన సగంలో అవ్వ ఎవరికో వడ్డిస్తూ నవ్వుతోంది. పక్కన కంచం పట్టుకుని, మూతి ముడుచుకుని, లోకంలోని అన్యాయమంతా తనకే జరిగినట్టు ఒక పిల్ల నిలబడి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. కోపం తరవాత పడుదువు గానీ ముందు తిను పిల్లా, అన్నం చల్లారిపోతోంది అని చెప్పాలనిపిస్తుంది.