దమ్ము జాస్తి అయిన బండి

మా మేనమామ పోయిన బుధవారం ఉదయం చింతామణిలో కాలం చేశారు. వార్త ట్రంకు కాల్ ద్వారా అందింది. లైను సరిగా లేదు. మా అత్త గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది. ఏమైందని అడిగితే, "దమ్మప్పా, దమ్ము ఎక్కువైపాయ" అని మాత్రం చెప్పగలిగింది.

కన్నడంలో దమ్ము అంటే ఉబ్బసం. తెలుగులో దమ్ము అంటే సత్తా, గుండెబలం. మా ప్రాంతంలో ఈ రెండు భాషలూ ఒకే నోట్లో కాపురం ఉంటాయి కనుక, ఏ అర్థం తీసుకోవాలన్నది వినేవారి విచక్షణకు వదిలిపెట్టడం ఆచారం. మా మామ మరణకారణం విషయంలో డాక్టరుగారు మొదటి అర్థాన్ని ఖాయం చేశారు. రెండవ అర్థం అంతకు కొన్నేళ్ల ముందే, చాకవేలు దారిలో, ఆయనను తీసుకుపోవడానికి ఒక ప్రయత్నం చేసి ఉంది. ఆ పూట నేను కూడా ఆయన కారులో ఉన్నాను.

ఆయన వేరుశెనగ నూనె వర్తకులు. నూనె మంచిదో కాదో తేల్చవలసి వస్తే ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కళ్లు మూసుకుని వాసన చూసేవారు. ఆ సమయంలో అంగడిలో ఎవరూ మాట్లాడరాదు. విందుకు ఎవరు పిలిచినా తప్పక వెళ్లేవారు. కాని తన రాగిముద్దను తడిగుడ్డలో మూటగట్టించి తానే తీసుకుపోయేవారు. విస్తరిలో లడ్డు, బొబ్బట్టు, పాయసం చుట్టూ సభ్యుల్లా కూర్చుని ఉండగా, ఆ ముద్ద అధ్యక్షస్థానం వహించేది. నన్ను బెంగళూరు కాలేజీలో చేర్చడానికి వచ్చిన రోజున కూడా, వరండాలో ఆ మూట పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. గుమాస్తా నా పేరు పిలిచినప్పుడు లేచి నిలబడింది ఆయనే. నా చదువుకు నేను పెట్టుకున్న మొదటి అప్పు ఆ నిలబడటమే. తీరలేదు, తీరేదీ కాదు.

భయం అనే మాట ఆయన నోట ఎవరూ విని ఉండలేదు. దారిలో పాము కనబడితే, "ఈ పక్క కొంచెం పని ఉండాది, ఇట్ల పోదాం రా అల్లుడా" అని పక్కకు తిరిగేవారు. ఆ పని ఏమిటో మేము అడిగేవాళ్లం కాదు.

బెంగళూరులో ఎవరో విదేశీయుడు స్వదేశానికి వెళ్తూ వదిలిపోయిన కారు ఒకటి వేలానికి వచ్చింది. దాన్ని ఆయన కొన్నారు. టర్బో డీజిల్ ఇంజను; అప్పటికే వయసు మళ్లినది. కుడివైపు వెనుక తలుపు ఏదో పాత దెబ్బకు నొక్కుకుపోయి తెరుచుకునేది కాదు. "ఇంకో పక్క తలుపు ఉండాది గదా, దిగేది ఒక పక్కనే గదా" అన్నారాయన. ఈ వాదంతో తలుపు విచారణ అప్పటికి ముగిసింది.

టర్బో అనే ఏర్పాటు గురించి పాఠకులకు మనవి చేయాలి. ఇంజను వదిలే పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం బయటి గాలిని పట్టి ఇంజను నోట్లో కుక్కుతుంది. కుక్కినకొద్దీ పొగ బలపడుతుంది. పొగ బలపడినకొద్దీ కుక్కుడు ఎక్కువవుతుంది. ఇటువంటి వ్యవస్థలో ఎక్కడో ఒకచోట "ఇక చాలు" అనేవాడు ఒకడు ఉండాలి. కారు చేసినవారు ఆ ఉద్యోగానికి ఒక చిన్న స్ప్రింగును నియమించి ఉన్నారు.

ఇబ్బంది గుడిబండె దారిలో మొదలైంది. ఒక ఎత్తు మీద, మేకలతో నిండిన లారీ మా కారును దాటిపోయింది. మేకలు వెనక్కి తిరిగి చూశాయి. మరుసటి వారమే మామ కారును చిక్కబళ్లాపురం మెకానిక్ దగ్గర నిలబెట్టారు. ఆ మెకానిక్ కన్నడం తప్ప మాట్లాడేవాడు కాదు. మామ తెలుగు తప్ప మాట్లాడేవారు కాదు. ఇద్దరికీ ఒకరిది ఒకరికి పూర్తిగా అర్థమయ్యేది. మా ప్రాంతంలో సంభాషణ అంటే అదే.

మెకానిక్ ఇంజనుకు డీజిలు అందించే పంపు మీది మరమేకును చూపించాడు. దానికి కంపెనీవారు సీసపు ముద్ర వేసి ఉన్నారు.

"సీలు ఏసిన తావే సరుకుంటాది" అన్నారు మామ. అది నూనె డబ్బాల విషయంలో ఆయన జీవితకాలపు అనుభవం. "చేసినోడు కొంచెం దాసిపెట్టుకోకుండా ఎవడప్పా ఇచ్చేది? తియ్, బయటికి తియ్."

ముద్ర తెగింది. మర తిరిగింది, ఇంజనుకు డీజిలు ఎక్కువగా పోసాగింది. స్ప్రింగును బిగించి, "చాలు" అనే ఉద్యోగి నోరు మూయించడమైనది. గాలిని వడపోసే డబ్బాను ఊడదీసి, గాలిగొట్టం నోరు బారుగా తెరిచి ఉంచడమైనది. ఇవన్నీ నా సమక్షంలో, పట్టపగలు, నలుగురూ టీ తాగుతుండగా జరిగినవి.

కారు నిజంగానే మారిపోయింది. యాక్సిలరేటరు మీద కాలు పెట్టగానే ముందు ఒక ఈల లేచేది. ఆ తరువాత సీటు మన వీపును నెట్టేది. వెనుక వచ్చేవారికి నల్లపొగలో సూర్యుడు ఆ పూటకు అస్తమించేవాడు. మలుపుల దగ్గర నేను డ్యాష్‌బోర్డును రెండు చేతులా పట్టుకుని, దాన్ని మామ చూడకుండా ఉండేందుకు ఏదో వెతుకుతున్నట్టు నటించేవాణ్ణి. బంధువులలో భక్తి పెరిగింది. మామ "రాండి, దింపుతా" అనగానే ఒకరికి ఏకాదశి, ఒకరికి శనివారం, ఒకరికి ఏ తిథీ లేని ఉపవాసం గుర్తుకు వచ్చేవి. అత్తకు మాత్రం ఆ సౌకర్యం లేదు.

"ఇంత జోరు ఏంటికంట?" అని ఆమె అడిగితే, "జోరు వాడేదానికి కాదే, ఉండాదని తెల్సుండేదానికి" అనేవారు. అని వాడేవారు.

కొన్ని నెలలకు ఈలలో గురక కలిసింది. నిలబెట్టిన చోట కూడా నీలం పొగ రావడం మొదలైంది. మెకానిక్ బానెట్ ఎత్తి, గాలిగొట్టంలో వేలు పెట్టి, నూనె అంటిన ఆ వేలిని చూసుకుని, ముఖం ముడుచుకుని చెప్పాడు: "సావుకారరే, గాడిగె దమ్ము తుంబా జాస్తి ఆగిదె."

బండికి ఉబ్బసం ముదిరింది అని అతని మాటకు అర్థం. రెండు భాషలు వచ్చినవారికి ఒక వెసులుబాటు ఉంది: ఏ మాటకైనా తమకు నచ్చిన అర్థాన్ని, నచ్చిన భాషలోంచి తీసుకోవచ్చు. మామ ముఖం వెలిగిపోయింది.

"జాస్తి కావల్లనే గదప్పా చేయించింది!" అని ఆయన బానెట్ మూసి, ఎక్కి ఇంజను స్టార్టు చేశారు. మెకానిక్ ఇంకా ఏదో చెబుతూ పక్కనే పరుగెత్తాడు. మిగతా వాక్యం ఈలలో కలిసిపోయింది.

బాగేపల్లిలో అత్త తమ్ముడు ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. ముందు సీటులో మామ పక్కన నేను. వెనుక సీటులో అత్త. అత్త ఒడిలో ముద్ద మూట. చేలూరు దాటాం. చాకవేలు ఇంకా రాలేదు. రోడ్డు ఒక గుట్ట భుజం మీదికి ఎక్కుతోంది. మామ కాలు పెట్టారు. ఈల లేచింది. ఎత్తు ఎక్కేశాక ఆయన కాలు తీశారు.

ఈల తగ్గలేదు.

"మామా, కాలు తియ్."

"తీసే ఉండానప్పా."

క్లచ్చి తొక్కి గేరు తప్పించారు. బరువు తప్పిన ఇంజను ఇంకా పైకి లేచింది. కారు ఎడమపక్కకు ఒరిగి, మట్టికట్టను రాసుకుంటూ పోయి దానికి ఆనుకుని నిలబడింది. మామ తాళంచెవి తిప్పి, దాన్ని బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని చూశారు. ఇంజనుకు ఆ సంగతి తెలియజేయబడలేదు. అది అరుస్తూనే ఉంది. పై గేరులో వేసి బ్రేకు మీద నిలబడి క్లచ్చి వదిలారు. ఏ ఇంజనైనా దానికి ఆగిపోవాలి. కాని పెంచిన శక్తికి క్లచ్చి ఎప్పుడో అరిగిపోయి ఉంది. మాడిన వాసన వచ్చింది, అంతే.

టర్బో చక్రం ఇరుసు దగ్గర అరిగిపోయి, ఇంజను నూనె గాలిగొట్టంలోకి కారుతోంది. ఇంజను డీజిలును వదిలి తన నూనె తానే తాగి పరుగెత్తుతోంది. నూనె అయిపోయేదాకానో, లేక ఇనుము ముక్కలై ఎగిరేదాకానో అది ఆగదు. మెకానిక్ చెప్పబోయిన మిగతా వాక్యం ఇదే. కారంతా తెల్లని పొగలో మునిగిపోయింది. ఆ శబ్దం పళ్లలోకి, పక్కటెముకల్లోకి ఎక్కింది.

మామ తన తలుపులోంచి దూకారు. ఆ తలుపులోంచే నేనూ పాకి బయటపడ్డాను. "దిగు! దిగవే!" అని ఆయన వెనుక సీటు వైపు అరిచారు.

"యాడ దిగేది? ఈ పక్క కట్ట, ఆ పక్క మీ తలుపు!"

నేను ఆ నొక్కుకుపోయిన తలుపు పిడిని పట్టి లాగాను. కారు మీద కాలు ఆనించి లాగాను. అది కదలలేదు. అత్తకు మోకాళ్ల నొప్పులు. ముందు సీటు దాటి రాలేకపోతోంది. రెండు చెవులూ మూసుకుని, నోరు తెరిచి, కూర్చున్నచోటే ఉండిపోయింది. ఆమె ఏమని అరుస్తోందో కూడా వినిపించడం లేదు. మామ ఒకసారి ఆమెను చూశారు. ఒకసారి బానెట్‌ను చూశారు. తరువాత కిటికీలో తల పెట్టి అరిచారు.

"ముద్ద ఇయ్యి!"

"ఇప్పుడా తినేది?"

"ఇయ్యే!"

మూట కిటికీలోంచి వచ్చింది. ఆయన బానెట్ ఎత్తారు. పొగలో నాకు ఆయన వీపు మాత్రమే కనిపించింది. తెరిచిపెట్టిన గాలిగొట్టం నోటికి ఆ తడిగుడ్డ మూటను ఆనించి, రెండు అరచేతులతో, ఒంటి బరువంతా వేసి అదిమారు. గొట్టం దాన్ని చప్పున పీల్చి పట్టుకుంది; ముద్ద దానికి పూర్తిగా అంటుకుపోయింది. గాలి అందక ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గింది. కారు నిలువునా ఊగి, ఆగిపోయింది.

తరువాత జరిగిన చర్యలు కొద్దిలో చెప్పవచ్చు. చాకవేలు రైతు ఒకాయన ఎడ్లు కట్టి కారును ఊళ్లోకి లాగించాడు. పంపు మర మొదటి చోటికి తిరిగింది, స్ప్రింగు తిరిగి ఉద్యోగంలో చేరింది, గాలి డబ్బా వచ్చి కూర్చుంది. కుడివైపు తలుపును మామ ఆ వారంలోనే బాగుచేయించారు. అటుతరువాత ఆ కారు ఎవరినీ దాటలేదు. అత్తతో ఆ పూట ప్రస్తావన ఆయన ఎన్నడూ తేలేదు. ఆ సంగతి ఆమే నాతో చెప్పింది.

అవన్నీ తరువాతి మాటలు. ఆ క్షణంలో, ఇంజను ఆగినా, మామ చేతులు తీయలేదు. అది మళ్లీ లేస్తుందేమోనన్నట్టు అదిమిపట్టుకునే ఉన్నారు. మోచేతుల దాకా నల్లటి నూనె. అంతసేపూ కదలలేని అత్త, మోకాళ్ల సంగతి మరిచి, ముందు సీటు మీదుగా పాకి బయటికి వచ్చి, ఆయన పక్కన నిలబడింది.

"నిల్సిపాయలే. చేతులు తియ్యండి."

"తియ్యలేను" అన్నారు మామ. గొట్టం వైపే చూస్తూ, "భయమైతాండాది" అన్నారు.

బాగేపల్లి నుంచి వస్తున్న బస్సు ఒకటి ఎదురుగా ఆగింది. డ్రైవరు హారను కొట్టలేదు. తన ఇంజను కూడా ఆపేశాడు. కిటికీల నిండా ముఖాలు. కాలిన ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమనడం గుట్ట మీద అంతటా వినిపిస్తోంది. అత్త ఆయన చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క వేలినీ ముద్ద మీదినుంచి మెల్లగా లేపుతోంది. లేపిన వేలు మళ్లీ వంగకుండా తన పిడికిట్లో పెట్టుకుని, తరువాతి వేలికి వస్తోంది.