చెన్నకేశవరావు చింతగింజలు

పొద్దున్నే దుకాణం తెరవగానే ఎవరైనా దేవుడి పటానికి దణ్ణం పెడతారు. గిద్దలూరు మందుల షాపు చెన్నకేశవరావు మాత్రం ముందు చింతగింజలు వేస్తాడు. ఊదుబత్తి ఆ తర్వాతే.

గోడ పొడుగునా ఒక చెక్క. దాని మీద నశ్యం డబ్బాలు, పౌడరు డబ్బాలు, బిస్కట్ల డబ్బాలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. రోజూ మందు వాడే ప్రతి మనిషి పేరిటా పొద్దుటికొక గింజ. "యల్లయ్య" టక్కు. "ఓబులమ్మక్క" టక్కు. "ఎలీషబా టీచరు" టక్కు. సహస్రనామం చదివినంత శ్రద్ధగా పేర్లు పలుకుతూ వేసేవాడు. డాక్టరు నెల రోజులన్నాడంటే నశ్యం డబ్బా, మూడు నెలలన్నాడంటే పౌడరు డబ్బా. డబ్బా నిండిందా, కాళ్ళు పట్టుకున్నా ఆ మందు ఇవ్వడు. డాక్టరు మళ్ళీ మనిషిని చూసి మళ్ళీ చీటీ రాయాలి. అప్పుడు డబ్బా బోర్లించి, కొత్తగా మొదటి గింజ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్ళయిన కాలమది. గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. ఆ వైపు జనానికి డాక్టరు చీటీ అంటే పొలం పట్టాతో సమానం. ఒకసారి రాయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, తర్వాత పిల్లలకు దక్కుతుంది అనుకునేవాళ్ళు. అటువంటి ఊళ్ళో ఈ చింతగింజల మనిషి!

యల్లయ్య తామర మందు డబ్బా నిండిన రోజు బజారంతా నవ్వింది.

"తామర పోయింది గానీ కేశవన్నా, అది పూసుకోకుంటే నిద్ర పట్టడంలే."

"అయితే నీకిప్పుడు ఉండేది తామర కాదు యల్లయ్యా, మందు. అది పోయేదానికి డాక్టరు దగ్గరికి పో."

ఒకసారి చుట్టాలు వచ్చినప్పుడు ఆయన భార్య అనంతలక్ష్మి, చేతికందిన నాలుగు డబ్బాలు వంచి గింజలు కమ్మగా వేయించి పెట్టింది. చెన్నకేశవరావు వచ్చి చూసేసరికి పళ్ళెంలో పొట్టు మిగిలింది.

"యల్లయ్యవి ఇరవై రోజులు, ఓబులమ్మక్కవి రెండు నెలలు నమిలి మింగినారు గదే," అని కూలబడ్డాడు.

"రోజులు కాబట్టే అరిగినాయి. రాళ్ళయితే అరిగేవి కావు," అంది అనంతలక్ష్మి.

ఆ సాయంత్రమే ఆయన ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ వారం మొదలుపెట్టారో అడిగి, గింజలు మళ్ళీ నింపాడు.

ఇక ఎలీషబా సంగతి. మిషను బడిలో టీచరు. ముఖం నిండా మొటిమలు. పెళ్ళిమాటలకు వచ్చినవాళ్ళ ముందు, మాట్లాడినంతసేపూ చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికి నెల ముందు కర్నూల్లో డాక్టరు గొట్టం మాత్రలు రాసి, మూడు నెలలు వాడి రమ్మన్నాడు. పెళ్ళినాటికి మొటిమలు సగం తగ్గాయి, మరో నెలకు ముఖం నున్నబడింది. ఆ చీటీని ఆమె బైబిల్లో కీర్తనల దగ్గర దాచుకుంది. చెంప మీది చెయ్యి కిందికి దింపిన దేవుడి దయ గదా అది. రైల్వేలో పనిచేసే భర్త ప్రభాకరరావుకు ఆ పాత ముఖం మళ్ళీ కనబడకూడదన్నదే ఆమె బెంగ.

తొంభయ్యో గింజ పడ్డ మర్నాడు ఆమె షాపుకు వచ్చింది.

"డబ్బా నిండింది తల్లీ."

"చీటీ ఉంది గదా శెట్టిగారూ."

"డాక్టరు చూడాల్సింది నీ ముఖం. కాగితం ముఖం కాదు. పాలతో మింగుతున్నావా? ఎండకు చర్మం మండుతోందా? కడుపులో ఎట్లుంది?"

"అన్నీ బాగానే ఉండాయి. వారం నుంచి పొద్దున లేస్తూనే వికారం, అంతే. గొట్టాలు వేడి చేసింటాయి."

చెన్నకేశవరావు ఆమె డబ్బాను చెక్క మీంచి చేతికి తీసుకున్నాడు. ఆ మాత్రల పెట్టెలో మడిచిపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. అందరూ పారేసే ఆ కాగితాన్ని ఆయన ఊళ్ళోని లేడీ డాక్టరు శ్యామలమ్మ దగ్గరికి తీసుకుపోయి, అర్థం చెప్పించుకున్న మనిషి. కానీ పరాయి ఆడపిల్లను ఆ మాట ఎట్లా అడగడం? "ఉండు తల్లీ, మీ పెద్దమ్మను పిలుస్తా," అని లోపలికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఎలీషబా లేదు. బస్టాండు దగ్గరి పుల్లారావు షాపు వైపు చరచరా పోతోంది. అక్కడ అడిగేవాడు లేడు, గింజలు వేసేవాడూ లేడు.

చెన్నకేశవరావు పరుగెత్తడం గిద్దలూరు అంతవరకు చూడలేదు. ఒక చేత్తో పంచె, మరో చేత్తో డబ్బా. అడుగడుగుకీ తొంభై గింజలు గలగల. ఎవరికో పాము కరిచిందనుకుని కొందరు వెనకాలే పరుగెత్తారు.

"పుల్లారావూ, ఈ బిడ్డకు గొట్టాలియ్యొద్దు," అన్నాడు రొప్పుతూ.

"నీ బేరం నాకొస్తే కడుపుమంటా కేశవన్నా?"

"బేరమంతా నువ్వే తీసుకో. సబ్బు, పౌడరు, తలనూనె అన్నీ ఇంక నీ దగ్గరే కొంటుంది. ఇదొక్కటి మాత్రం వద్దు. డాక్టరమ్మ చూసినాక, ఆమె ఇయ్యమంటే నేనే తెచ్చి నీ షాపులో అమ్మిపెడతా."

పుల్లారావు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎలీషబాకు కోపం వచ్చింది, సిగ్గూ వచ్చింది. అంతలో అనంతలక్ష్మి ఆయాసపడుతూ చేరుకుని, ఆమెను పక్కకు తీసుకుపోయి చెవిలో ఏదో అడిగింది. ఎలీషబా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ అట్నుంచటే శ్యామలమ్మ దగ్గరికి వెళ్ళారు.

"రెండో నెల," అంది శ్యామలమ్మ. "సమయానికి వచ్చినావు. ఇంకా నెలల తరబడి మింగుతూ పోయింటే లోపలి బిడ్డకు పళ్ళు పచ్చబారి వచ్చేవి. ఈ రోజుతో ఆపెయ్. మొటిమలకు పైన పూసేది రాస్తా. అదైనా నాకు చూపించకుండా ఏండ్ల తరబడి పూయొద్దు."

మాత్రలు ఆపాక నాలుగు మొటిమలు తిరిగొచ్చాయి. ఎలీషబా చెయ్యి మళ్ళీ చెంప మీదికి పోయింది. "చెయ్యి తీసి మాట్లాడు, సగం మాటలు వినపడటంలే," అన్నాడు ప్రభాకరరావు అన్నం తింటూ. ఆయన బెంగ అంతవరకే. అది చూశాక ఆమె బెంగ కూడా తీరింది.

పూసే మందు కోసం షాపుకు వచ్చినప్పుడు, చెక్క మీద ఆ మందుకని ఆమె పేరుతో పెట్టిన నశ్యం డబ్బా పక్కన పెద్ద బిస్కట్ల డబ్బా ఒకటి కొత్తగా కనిపించింది. అడుగున పది పన్నెండు గింజలున్నాయి.

"దీని మీద పేరు లేదేంది పెదనాయనా?"

"పేరు పెట్టాల్సినోళ్ళు మీరు గదా," అన్నాడు చెన్నకేశవరావు. మెడ గోక్కున్నాడు. తనకోసం ఎవరినీ ఏమీ అడిగి ఎరగని మనిషి. "నాకొక్క ఉపకారం చెయ్యాల బిడ్డా. మొదటి పన్ను మొలిచిన రోజు ఎత్తుకొచ్చి నాకు చూపించు. తెల్లగా ఉంటే, ఈ గింజలన్నీ మీ పెద్దమ్మకిచ్చి నేనే వేయించమంటా."