దవడలు పట్టుకున్న పెళ్లిపందిరి

మొన్న మహబూబాబాద్‌లో మా అక్క పదవీ విరమణ సభ జరిగింది. ఇన్నేళ్లు జంతుశాస్త్రం చెప్పిన మేడమ్‌కు పిల్లలు శాలువా కప్పి, ఎలుక పుర్రె బొమ్మ చెక్కిన జ్ఞాపిక ఇచ్చారు. మా వంశంలో ఇలాంటి కానుక ఇంకెవరికీ దక్కలేదని పక్కవాళ్లకు వినపడేలా అన్నాను. గర్వం దాచుకోవడం నాకు చేతకాదు, నాయిన పోలిక.

ఎమ్మెస్సీ రోజుల్లో అక్క సెలవులకు జఫర్‌గఢ్ వచ్చి, పొలంలో దొరికిన పందికొక్కు తల, రోడ్డు మీద చచ్చిపడిన ఉడుత తల పెరట్లో పాత తపేలాలో ఉడకబెట్టేది. మాంసం ఊడిపోయాక పుర్రెలు కడిగి ఎండబెట్టేది. ఆ వాసనకు అమ్మ వాకిట్లోకి వచ్చి కూర్చునేది. సంగతి వాడకట్టంతా పాకింది. నాయిన ఊళ్లో నలుగురికి తీర్పు చెప్పే మనిషి. "ఇగ సదివింది సాలు, ఇంట్ల ఉండు" అనేశాడు.

అక్క ఏడవలేదు. కాలేజీలో అడిగి తెచ్చుకున్న ముళ్లపంది పుర్రెను కూడా తెచ్చి, మూడూ ఆయన ముందు పెట్టింది. "నాయినా, చెంప మీద చెయ్యి పెట్టి పండ్లు గట్టిగ నొక్కు. కండ ఉబ్బుతాందా? గా కండ ఎటుకెళ్లి పోతదో గీ తొర్ర చెప్తది" అంది. కంటిగుంటకు ముందుండే ఆ తొర్ర ఉడుతకు సూది బెజ్జమంత, పందికొక్కుకు సన్నని చీలికంత, ముళ్లపందికి వేలు దూరేంత. ముళ్లపందికైతే దవడ కండ అందులోంచి దూరి మూతి మీదికి పోతుంది. కొరికే జంతువుల్లో ఏది ఏ గుంపుదో చెప్పడానికి శాస్త్రజ్ఞులు పట్టుకున్న గుర్తుల్లో అదొకటట. నాయిన ముళ్లపంది తొర్రలో వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

ఆ వారమే నెల్లికుదురులో మేనత్త ఇంట పెళ్లి. భోజనాలయ్యాక పందిట్లో మామ, అంటే మేనత్త భర్త, అందరి ముందూ అందుకున్నాడు. "బామ్మర్దీ, నీ బిడ్డ ఎలుకల తలకాయలు వండుతాందట. కాలేజి బంద్ పెట్టియ్యరాదు?"

అందరూ నవ్వారు. అక్క తల దించుకుంది. నాయిన నమిలే తమలపాకు ఉమ్మేసి వచ్చి, "బావా, నువ్వు జర చెంప పట్టుకొని పండ్లు నొక్కు. మీరు గూడ నొక్కుండ్రి" అన్నాడు. తలపాగాల పెద్దలంతా వరసగా చెంపలు పట్టుకుని కూర్చున్నారు. ఉడుతను, పందికొక్కును, ముళ్లపందిని నాయిన అక్క కంటే గట్టి గొంతుతో, అక్కడక్కడా తప్పులతో విడదీసి చెప్పాడు. చివరికి, "గిదంత నా బిడ్డ సదువు. ఇంకా సదువుతది" అన్నాడు.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట ఆయన అన్నది ఒక్కసారే. మా అక్క ఇన్నేళ్ల కాలమంతా దాని వెనకే నడిచి వచ్చింది.